పెట్రోలుకి కరగని నలుపు

ఆ పోస్టుకి నేను చేరేసరికి మధ్యాహ్నం రెండు. లద్దాఖ్‌లో, పదిహేను వేల అడుగుల పైన. ఎండ కళ్ళలో గుచ్చుతోంది, ముక్కులో తడి మాత్రం గడ్డకడుతోంది. వీపున సంచి, చేతిలో పానాల పెట్టె. బంకరు దాకా నడిచేసరికి రొప్పు వచ్చింది. నేను సైన్యంలో వాహనాల మెకానిక్‌ని. మాది అనకాపల్లి పక్కన కశింకోట.

పోస్టు పెద్ద సుబేదారు ఇచ్చిన మొదటి ఆర్డరు ఇది: "కొన్నాళ్ళు పానా ముట్టుకోకు. ఊపిరి తీసుకోవడమే నీ డ్యూటీ."

బంకరు మూలనుంచి ఒకడు లేచి వచ్చాడు. జీపు డ్రైవరు. "అనకాపల్లి వైపేనా బావా? మాది కోటవురట్ల. ఇంక నాకు సలెయ్యదులే, మనోడొచ్చేడు!"

వాడి దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది. నిండా ఇంటి నుంచి వచ్చిన బెల్లం. టీలో అదే. మా రేడియో ఆపరేటరు పంజాబీవాడు. వాళ్ళ వైపు బెల్లాన్ని గుడ్ అంటారు. రోజూ టీ తాగుతూ డ్రైవరుతో తగువే. "మా గుడ్ ముందు మీ బెల్లం ఏపాటి?" అంటూనే రెండో ముక్క నోట్లో వేసుకునేవాడు.

అక్కడ ప్రతి తంటాకీ ఒకటే కారణం చెప్పేవారు, ఎత్తు. అన్నం ఉడకకపోతే ఎత్తు. నిద్ర పట్టకపోతే ఎత్తు. పేకాటలో ఓడినవాడు కూడా ఎత్తు మీదికే నెట్టేవాడు. అందుకే ఆపరేటరు దగ్గుతుంటే ఎవరూ పట్టించుకోలేదు. జీపు ఆగి ఆగి నడుస్తున్నా పట్టించుకోలేదు.

ఒక ఉదయం ఆపరేటరు మంచం దిగలేకపోయాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీలో గురగుర. నర్సింగ్ అసిస్టెంటు చెవి ఆనించి విని, సుబేదారుని పక్కకు పిలిచాడు. "ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. చీకటి పడేలోపు కిందికి దింపకపోతే దక్కడు."

మబ్బు పట్టింది, హెలికాప్టరు రాదు. ఉన్నది ఒక్క జీపు. యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చాలు, ఇంజను చచ్చిపోతోంది. దిగుడంతా మంచు, హెయిర్‌పిన్నుల్లాంటి మలుపులు. మలుపులో ఇంజను ఆగితే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. కింద లోయ.

సుబేదారు నన్ను చూశాడు. "ఎత్తు వల్లేనా?"

"ఎత్తయితే ఇక్కడికి వచ్చిన మొదటి రోజు నుంచే ఆగాలి కదా సాబ్. విప్పి చూస్తాను."

గాలి వెళ్ళే దారినే పట్టుకుని పోయాను. ఫిల్టరు శుభ్రంగా ఉంది. వైర్ల కొసలు గట్టిగానే ఉన్నాయి. ఫిల్టరు నుంచి ఇంజనుకి పోయే రబ్బరు గొట్టానికి మాత్రం గాయం కట్టే గుడ్డ చుట్టి ఉంది, లోపల పగులు. తర్వాత థ్రాటిల్ విప్పాను. కాలు తొక్కితే తెరుచుకునే గాలి తలుపు అది. కాలు తీసినప్పుడు తలుపు మూసుకుంటుంది, పక్కనున్న సన్న దారిలోంచి ఇంజను కాస్త గాలి పీల్చుకుని బతుకుతుంది. ఆ సన్న దారి నిండా నల్లటి జిగురు. దాన్ని తెరిచి మూసే చిన్న వాల్వు అందులో కూరుకుపోయింది.

మసే అనుకుని పెట్రోలుతో కడిగాను. కదల్లేదు. మళ్ళీ కడిగాను. మసి అయితే పెట్రోలుకి లొంగాలి. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. లోపల ఆపరేటరు దగ్గు వినిపిస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గోటితో గీకి వాసన చూశాను. నాలుకకి రాసుకున్నాను.

తియ్యగా ఉంది. మా వూళ్ళో పాకం పెనం అడుగంటినప్పటి మాడు రుచి.

"ఇదేటిరా బావా, గొట్టానికి ఏటి పూసేవు?"

డ్రైవరు మొహం పాలిపోయింది. "బెల్లం బావా. పగుల్లోంచి దుమ్ము పోతందని పూసి గుడ్డ సుట్టేను. మా అయ్య ట్రాక్టరు ట్యాంకు కారితే అదే పూసేవోడు. సుక్క కారేది కాదు. పెట్రోలుకి బెల్లం కరగదు కదా!"

వాడి అయ్య చేసింది తప్పేమీ కాదు. ట్యాంకు వేడెక్కదు, గొట్టం వేడెక్కుతుంది. చలికి రాయిలా ఉన్న బెల్లం ఇంజను సెగకి పాకమై లోపలికి పోయింది.

"పెట్రోలుకి కరగదు. మరి దేనికి కరుగుతాదిరా?"

వాడు వంటపొయ్యి దగ్గరికి పరుగెత్తి, మరుగుతున్న టీ నీళ్ళ కెటిల్ పట్టుకొచ్చాడు.

పోస్తుంటే నలుపు కరిగి గోధుమ రంగులో మంచు మీదికి కారింది. ఆవిరి లేచింది. ఆవిరితోపాటు మా చెరకు గానుగల వాసన. తడి గడ్డకట్టకుండా థ్రాటిల్‌ని పొయ్యి సెగన ఆరబెట్టాను. వాల్వు వేలికి ఆడింది. పగులుకి పాత ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగించాను.

డ్రైవరు స్టార్ట్ చేశాడు. "కాలు తియ్యమంటావా బావా?"

"తియ్యి."

తీశాడు. ఇంజను తగ్గింది, తడబడింది, నిలబడింది.

స్ట్రెచరు ఎక్కించారు. నర్సింగ్ అసిస్టెంటు ఎక్కాడు, ఇంక చోటు లేదు. జీపు మొదటి మలుపు తిరిగేదాకా చూసి రేడియో ముందు కూర్చున్నాను. సెట్టులో హిందీ తప్ప మరో భాష మాట్లాడకూడదని సుబేదారు ఆర్డరు. బరబరమనే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కూర్చోలేక బయటికి వస్తే ఆ బెల్లం మరక గాజులా గడ్డకట్టి ఉంది. లోపలికి వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. మనిషి దక్కకపోతే మా వూరి వాసనని జన్మలో భరించలేనని అనిపించింది.

వెలుగు పోతుండగా సెట్టు గరగరలాడింది.

"కింద ఆసుపత్రికి సేరిపోనాం బావా! ఆక్సిజను ఎట్టేరు, ఊపిరి తీత్తన్నాడు! ఇంజను ఎక్కడా ఆగనేదు బావా!"

పోస్టు అంతటికీ తెలుగులోనే వినిపించింది. సుబేదారు నన్ను చూసి, ఆర్డరు సంగతి ఎత్తకుండా అడిగాడు. "బతికాడనేగా అన్నాడు?"

తలూపాను.

రిటైరై వచ్చి అనకాపల్లిలో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. ఏ కారు ఆగి ఆగి వచ్చినా నా మొదటి ప్రశ్న ఒక్కటే, "ముందు ఏటి పూసేరో సెప్పండి." అందరూ నవ్వుతారు. చెరకు క్రషింగు రోజుల్లో గాలి ఇటు తిరిగి బెల్లం వాసన వస్తే, చేతిలో పానా చేతిలోనే ఉండిపోతుంది. కళ్ళ ముందు తెల్లటి మంచు, దాని మీద గోధుమ రంగు మరక, ఇంకా కబురు రాని రేడియో.