వారగా పట్టిన దీపం

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫిబ్రవరి వచ్చిందంటే రోడ్డేదో కాలవేదో మంచుకే తెలియాలి. పాల ట్యాంకర్ డ్యూటీ దిగి కార్లో శనివారం ఆటకి పోతున్న వెండెల్ టెష్‌కి కాలవలో ముక్కు దించిన ట్రక్కొకటి కనిపించింది. దాని మీదెక్కి తాపీగా సాసేజ్ కొరుకుతోంది డాగ్నీ స్కిబ్బా. అరవై ఏళ్లుంటాయి. ఆ చుట్టుపక్కల పాత ఇళ్ల గోడలకి పూత వేసే మేస్త్రి. పదిహేనో ఏట తండ్రి తాపీ అందుకుని నిచ్చెన ఎక్కింది, ఇంకా దిగలేదు.

కారెక్కగానే అడిగింది. "బండి నాది గుంటలో పడితే మొహం నువ్వు వేలాడేశావేం అబ్బాయ్?"

"మా ఆట ఇవాళ్టితో మూతపడేలా ఉంది, పెద్దమ్మా."

వెండెల్ కాగితం మీద ఒక నేలమాళిగ గీసి, ఎదురుగా అట్ట నిలబెట్టి దాని చాటున దాచుకుంటాడు. స్నేహితుడు గోర్డీ, అతని చెల్లెలు వెర్లా అందులో తిరిగే వీరులు. ఏం చేస్తారో వాళ్లు నోటితో చెబుతారు, ఏమైందో వెండెల్ చెబుతాడు. ముందుకి పోయే ఒక్కగానొక్క తలుపుని వెండెల్ గోడలో దాచాడు. వాళ్లు వెతికినప్పుడల్లా అట్ట చాటున పాచిక వేస్తాడు. ఒకటి పడితేనే తలుపు. మూడు శనివారాలుగా పడలేదు.

"పడిందని చెప్పెయ్యరాదూ? అట్ట చాటునేగా!"

"అట్ట చాటున కాబట్టే చెప్పకూడదు."

కోట ఉన్న ప్రతి ఊళ్లోనూ సొరంగం ఉందంటారు. చూసినవాడు మాత్రం ఎప్పుడూ పక్క ఊళ్లో ఉంటాడు. వెండెల్ సొరంగానికి ఆ పక్క ఊరివాడు కూడా లేడు.

గోర్డీ ఇంటి నుంచి ట్రక్కుని పైకి లాగే బండికి ఫోన్ చేసి, అది వచ్చేదాకా డాగ్నీ కింది గదిలో వాళ్ల పక్కనే కూర్చుంది.

"గోడ వెతుకుతాం," అన్నాడు గోర్డీ. పాచిక దొర్లింది. నాలుగు.

"ఏమీ కనిపించలేదు."

వెర్లా తన వీరుల బొమ్మల పెట్టె మూసేసింది. "వచ్చే శనివారం నుంచి పిన్నులు పడగొట్టే బౌలింగ్‌కి పోదాం అన్నయ్యా. అక్కడ ఏం పడిందో కళ్లకి కనబడుతుంది."

"ఆగవే పిల్లా," అంది డాగ్నీ. "వెతకడమంటే ఏం చేశారు? తట్టారా, తడిమారా?"

"పాచిక పడితే దొరికినట్టు, పెద్దమ్మా!" నవ్వాడు గోర్డీ.

"నలభై అయిదేళ్లుగా గోడలు చూస్తున్నా నాయనా, ఒక్క పాచికా వెయ్యలేదు. దీపం ఎలా పట్టుకున్నావ్?"

"ఎలా ఏంటి? ఎదురుగా."

"ఎదురుగా పట్టుకుంటే ప్రతి గోడా పెళ్లికూతురే. గోడకి ఆనించి వారగా పట్టు. అతుకు ఎక్కడున్నా నీడ పడుతుంది."

గోర్డీ వెండెల్ వైపు తిరిగాడు. "సరే. దీపం వారగా పట్టాను."

వెండెల్ పాచిక తీసుకున్నాడు. ఎలా వెతికాడో చెప్పలేనివాడి కోసం కదా ఈ పాచిక! చెప్పినవాడికి మళ్లీ అదృష్టం దేనికి? దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"గోడ మీద నిలువునా సన్నటి నీడ," అన్నాడు. "మనిషెత్తు. పైన అడ్డంగా ఇంకోటి."

వెర్లా వేసిన కేకకి పైనున్న కుక్క మొరిగింది. గోర్డీ కుర్చీ ఎక్కాడు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు: తలుపు తొయ్యాలా, లాగాలా, అవతల ఎవరున్నారు?

"పెద్దమ్మా, వచ్చే శనివారం కూడా..." అంటూ తిరిగాడు వెండెల్.

గుమ్మంలో అరగంట నిలబడి కబుర్లు చెప్పందే ఎవరూ ఇల్లు కదలని ఊరది. బయట లాగే బండి హారన్ విని డాగ్నీ అప్పటికే కోటు తగిలించుకుని, మెట్ల పక్క గోడని అరచేత్తో తడుముకుంటూ ఎక్కిపోతోంది. ఒకచోట పూత ఎగుడుదిగుడు తగిలి ఆగింది, పెదవి విరిచింది, బయటికి నడిచింది.