రెండో యూనిట్టు కొండగాలి

ఒక మహానగరపు నెట్‌వర్కు కరెంటు లెక్కను నేను ఒంటిచేత్తో ఎలా బోల్తా కొట్టించానో చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను. ఆ రోజు ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను గానీ, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది.

ఇంటర్నెట్ కంపెనీలో కొత్తగా చేరాను, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏ నగరపు నెట్‌వర్కు ఎంత కరెంటు తింటుందో అన్నిటికీ ఒకే పద్ధతిలో తేల్చే స్టాండర్డ్ మోడల్ ఒకటి పైనుంచి వచ్చింది. కంప్యూటర్లో గళ్లు నింపితే చాలు, మిగతా లెక్క అదే చూసుకుంటుంది. తమిళనాడులో మధురై నెట్‌వర్కుకు తోకలా తగిలించిన మా రాజపాళయం గళ్లు నింపే భాగ్యం నాకు దక్కింది.

ఒక గడి మీద ‘యూనిట్’ అని ఉంది. మీరైతే కరెంటు మీటరు చూసేవారు. నేను రాజపాళయం వాణ్ణి కదా! మా ఊళ్లో యూనిట్టంటే నూలు మిల్లు శాఖ. “మీ నాయన ఏ యూనిట్టు?” అని అడిగాకే కాఫీ ఇస్తారు. మా పరికరాల గది ఒక మిల్లు రెండో యూనిట్టు ఆవరణలో ఉంది. ధీమాగా ‘2’ కొట్టేశాను.

కొన్నాళ్లకు మేనేజరు గోపాలసామి ఫోన్ చేశారు. కోవిల్‌పట్టి మనిషి, ఇంట్లో మాలాగే తెలుగు.

“ఏమి రాజా, కరెంటు మిగిలించేదాంట్లో మీ ఊరు అన్ని ఊర్లనూ తోసేసి మొదట వచ్చిండాదే! ఎట్ల చేసినావు?”

ఎట్లా చేశానో నాకేం తెలుసు? తెలియదంటే పరువు పోదూ!

“కొండగాలి సార్! రూము రొంబ చల్లగా ఉంటాది. ఏసీకి పనే లేదు.”

“సూపరప్పా! నీ ఉద్యోగం కన్ఫర్మ్. ఆ గాలి చూసేదానికి నేనే వస్తాను.”

అన్నట్టే వచ్చారు. గది తలుపు తీయగానే ఏసీ మోతకు చెవులు మూసుకున్నారు.

“ఇంత తిరుగుతా ఉండాదే! నెలకు రెండు యూనిట్లేనా?” అని అరిచారు.

“రెండు కాదు సార్, రెండో యూనిట్టు!” అని నేనూ అరిచాను. అరిచాక అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన నెమ్మదిగా మొహం తుడుచుకున్నారు.

“సరి. రూము రెండో యూనిట్టు. ఆ కొండగాలి ఏ యూనిట్టు నుంచి వచ్చినాది?”

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు కాబట్టి ఉద్యోగం దక్కింది. అందుకే మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: మీటరు చూడనిదే అంకె వేయను, అంకె వేశాక గాలి కబుర్లు చెప్పను.