పొట్లాలు కట్టిన గెలాక్సీలు

ఈ పొద్దున అంగడి తలుపు తీస్తుంటే గోస్పాడు పాలాయన సైకిలు ఆపి, "శెట్టీ, మీ సైన్సు సారు గుండె ఆగి పోయినాడంట" అన్నాడు. నమ్మలేదు. నిన్న సాయంత్రమే ఇక్కడ నిలబడి, "రేపు ఇంటికి రాప్పా, పనుంది" అన్న మనిషి. ఇది రాస్తున్నా ఇంకా నమ్మకం కుదరడం లేదు.

ఆళ్ళగడ్డ హైస్కూల్లో నాకు పాఠం చెప్పిన సారు. రిటైరై నంద్యాల వచ్చాక మా కిరాణా అంగడికి రోజూ వచ్చేవారు. ఎండుమిరపకాయలు ఏరుకుంటూనే గెలాక్సీల సంగతి ఎత్తేవారు. రెండు గెలాక్సీలు కలిసి ఒకటైపోతాయట.

"అన్ని చుక్కలు గుద్దుకుంటే బూడిదే కదా సార్?" అన్నాను.

"చుక్కను ఆవగింజ అనుకో. ఒకటి నంద్యాల్లో పెడితే రెండోది ఆళ్ళగడ్డ దాటినాకే. ఇంగ యాడ గుద్దుకుంటాయి? మధ్యలో ఉండే గ్యాసు గుద్దుకుంటాది. ఆడ కొత్త చుక్కలు పుడతాయి."

"ఇట్లా ఎన్నిసార్లు కలుస్తాయి సార్?"

"అప్పట్లో దగ్గర దగ్గరగా ఉన్యాయి, జాస్తిగా కలిసింటాయి. ఇప్పుడు తక్కువ. ఒక్క కలయికకే కోట్ల ఏండ్లు, మనం యాడ చూస్తాం? ఒకింట్లో పెండ్లిచూపులు, ఇంకో ఇంట్లో తాళి, వేరే ఇంట్లో అప్పగింతలు చూసి పెండ్లంటే ఇదీ అని తెలుసుకోవల్ల."

అందుకే పుస్తకాల్లో దొరికిన జంట గెలాక్సీలను కాగితానికొకటిగా గీసి వరస పెడుతుండేవారు. పదకొండేళ్ల పని.

ఆ కాగితాలు ఒకసారి పాత పరీక్ష పేపర్లలో కలిసి నా అంగడికి తూకానికి వచ్చాయి. నేను చూడకుండా చింపి పొట్లాలు కట్టేశాను. మర్నాడు సారు చెప్పుల్లేకుండా వచ్చి, "నా బొమ్మలు యాడ?" అన్నారు. ఇల్లిల్లూ తిరిగాను.

"ఏందప్పా శెట్టీ, అమ్మిన సరుకు మళ్ళా అడుక్కుంటాండావ్?" అని ఒకామె ఎగతాళి చేసింది.

"సరుకు నువ్వే ఉంచుకో తల్లీ, కాగితం ఇయ్యి."

పసుపు, నూనె మరకలతో ఒకటీ అరా తప్ప అన్నీ దొరికాయి. నంబర్లు లేవు గనక వరస మాత్రం పోయింది.

సారు వాటిని అంగడి అరుగు మీద పరిచి సర్దుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు. "ఇన్నేండ్లు తప్పు పెట్టినా గదప్పా! ఈ పొడుగు తోకలుండేవి ముందనుకున్యా, చేతులు చాపి పిలుచుకుంటాండాయని. కాదు. ఒకసారి రాసుకుని పోయినాకే తోకలు సాగేది."

ప్రతి బొమ్మా మళ్ళీ చూడాలన్నారు. ఆ వయసులో! ఆ పని ముగియకుండా పోతే పాపం నాదేనని నా భయం.

ఈ పొద్దున వార్త విని వాళ్ళింటికి పోగానే సారు ఇంటామె నన్ను లోపలి గదిలోకి పిలిచింది. "వరస నిన్ననే కుదిరిందప్పా. మొదట నీకే చూపించల్ల అన్యాడు."

గోడ పొడుగునా కాగితాలు. ఒక్కొక్కటే చూస్తూ చివరిదాకా నడిచాను. ఆఖరిదాంట్లో రెక్కలూ తోకలూ ఏమీ లేవు, ఒక్కటే గుండ్రటి వెలుగు ముద్ద. పెన్సిలు గీతను బొటనవేలితో రుద్ది మసక చేశారు. వంగి చూస్తే ఆ మసకలో సారు వేలిముద్ర, సన్నటి గీతలు సుడి తిరుగుతూ.