ఎర్మిండా వాకిట్లో మంచు

భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న ఉషువాయా ఊళ్ళో కొండవాలు సందులో ఉండే ఎర్మిండాకి సలహాలివ్వడమంటే తిండి కంటే ఇష్టం. అడిగినా చెప్పేది, అడక్కపోయినా చెప్పేది. చిన్నప్పుడే చిలోయే దీవి నుంచి వచ్చి, పీతల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసి, పెళ్ళీ గిళ్ళీ లేకుండా అరవై ఎనిమిదికి చేరిన మనిషి. ఎండలు మండే చాకో నుంచి యనీనా పక్కింట్లో దిగిన రోజే ఆ పిల్లని పట్టుకుంది.

“రాత్రిళ్ళు కుళాయి సన్నగా కారనియ్యి, లేకపోతే పైపు గడ్డకట్టి చస్తావు. మెట్ల మీద జారకుండా పొయ్యి బూడిద చల్లు. దిగేటప్పుడు కాళ్ళు ఎడంగా పెట్టి బాతులా నడువు. నవ్వేవాళ్ళని నవ్వనీ, నడుం విరిగితే వాళ్ళొచ్చి మోస్తారా?”

“ఇది ఊరా, ఐసు పెట్టెనా పెద్దమ్మా?” అని నవ్వింది యనీనా. కానీ ఒక్కటీ మరిచిపోలేదు.

ఒక్క సంగతి మాత్రం ఎర్మిండా చెప్పలేదు. ఆ సందులో తెల్లారేసరికి ఎవరి వాకిట్లోనైనా మంచు తీసి లేకపోతే వాళ్ళకేదో అయిందని లెక్క. ఎదురింటి సెలెదోనియో వచ్చి తలుపు బాదేస్తాడు. పన్నెండేళ్ళ క్రితం ఆమె జ్వరంతో పడి ఉంటే అలాగే బాది, లోపలికొచ్చి, పొయ్యి రాజేసి, సూప్ కాచి, మధ్యాహ్నం దాకా వాగి వెళ్ళాడు. అంత మంచి జ్వరం ఆమెకి మళ్ళీ రాలేదు.

ఈ జూలై నడి చలికాలంలో ఆమె తలుపు తట్టినవాళ్ళే లేరు. పదిమంది చేతులు మారుతూ తాగాల్సిన మాతే టీ బుర్ర ఆమె ఒక్కదాని చేతిలోనే చల్లారిపోతోంది. ఒంటరితనం భరించలేక ఒకరోజు సిగ్గు విడిచింది. పార ముట్టుకోలేదు. రెండో కుర్చీ పొయ్యి దగ్గరికి జరిపి, జుట్టు దువ్వుకుని కూర్చుంది.

ఇంకా చీకటిగా ఉండగానే బయట పార గీరుతున్న చప్పుడైంది. ఆమె తలుపు తీసేసరికి దారి శుభ్రంగా ఉంది. హోటల్ లాండ్రీలో పనికి పోతూ యనీనా మంచంతా తీసేసి వెళ్ళిపోయింది. తెల్లారాక సెలెదోనియో కిటికీలోంచి ఆ దారి చూసి, చెయ్యి ఊపి, తెర లాగేసుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ పిల్ల మంచితనం ఎర్మిండా కొంప ముంచింది.

మూడోనాడు యనీనా అటు వెళ్ళగానే ఎర్మిండా పార పట్టుకుని బయటికొచ్చింది. పక్కన పోసిన కుప్పలోంచి మంచు ఎత్తి మళ్ళీ దారి మీద వేయడం మొదలుపెట్టింది. సగం పూడ్చింది. గ్లవుజులు మరిచిపోయి వెనక్కొచ్చిన యనీనా అది చూసి నోరు తెరిచింది.

“ఇదేం పని పెద్దమ్మా! మీకు నడుం నొప్పి కదా అని నేను తీస్తే...”

“నిన్నెవరు తీయమన్నారే?” అని కసిరింది ఎర్మిండా. అంతలోనే పార కిందికి దించింది. “నువ్వు తీసేస్తే నేను బాగానే ఉన్నాననుకుంటారు. ఎవరూ తలుపు తట్టరు. నా తలుపు చప్పుడు విని ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?”

యనీనాకి పనికి ఆలస్యమవుతోంది. అయినా వచ్చి ఆమె చేతిలోంచి పార తీసుకుని గోడకి ఆనించింది.

“లోపలికెళ్ళి తలుపేసుకోండి.”

“ఎందుకే?”

“ముందు వెళ్ళండి పెద్దమ్మా.”

ఎర్మిండా లోపలికెళ్ళి తలుపేసుకుని దాని వెనకే నిలబడింది. పూడ్చిన మంచులో బూట్లు దిగబడుతూ దగ్గరికొస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

ఎర్మిండా కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, “ఎవరూ?” అని అడిగింది.