మైసమ్మ మలుపులో మా బావ కారు

మా బావ మహబూబ్‌నగర్‌లో వకీలు. పందొమ్మిది వందల అరవైల మొదట్లో ఒక పాత దొరల కుటుంబం వదిలించుకోవాలని చూస్తున్న రెండు సీట్ల విలాయతీ స్పోర్ట్స్ కారును చూసి మనసు పారేసుకున్నాడు. పైకప్పు లేదు. ముందు మూతి పొడుగు, వెనక తోక పొట్టి. ఇంజను ముందుంటే, దాని బలమంతా వెనక చక్రాలకు పోయే బండి. అక్క కొంగు నెత్తికి బిగించి కట్టుకుని అందులో కొత్తకోటదాకా పోయి వచ్చింది. పెండ్లినాడు కూడా ఆమె అంత నవ్వలేదని బావ అనేవాడు.

ఆ తొవ్వలో ఒక మలుపు, పక్కనే గ్రామదేవత మైసమ్మ గద్దె. డ్రైవర్లు అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టిగాని కదలరు. బావ ఆగేవాడు కాదు. ఆయనకు ఆ బుద్ధి నేర్పినవాణ్ని నేనే. నేను ఊరూరా సభలు పెట్టి మూఢనమ్మకాల మీద వాదించే రోజులవి. బావ అట్లా ఆగకుండా పోతున్న ఒకరోజు మలుపు మధ్యలో బండి తోక బయటికి జారి, గిర్రున తిరిగి, వచ్చిన దిక్కుకే మూతి పెట్టి నిలబడింది. బావకు దెబ్బ తగల్లేదు. కాని గొర్లు మేపుకునే ఇద్దరు చూశారు. పొద్దుగూకేసరికి పట్నమంతా ఒకటే మాట: మైసమ్మ వకీలు సాబును చెవి పట్టి వెనకకు తిప్పింది.

నేను నల్లగొండ నుంచి బస్సెక్కి వచ్చేసరికి ఇంట్లో తీర్పు కూడా అయిపోయింది. అక్క బావతో మాటలు బంద్ చేసింది. ఆయన ఎదుటే నాతో అంది:

"తమ్మీ, మీ బావకు చెప్పు. ఆయితారం ఆ బండ్ల నేను కూసుంట. మలుపుకాడ కాయన్న కొట్టాలె, బండన్న సక్కగ పోవాలె. మళ్ల తిరిగిందంటే అమ్ముడే."

"మైసమ్మ తిప్పిన బండిని ఎవరు కొంటరు?" అన్నాడు బావ.

"మైసమ్మనే కొంటదని చెప్పు. ఆమెకైన నడుపొస్తది."

నాకు మైసమ్మతో తగాదా లేదు. ఆమె తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లతోనే నా పేచీ. కాయ కొట్టి దాటితే బండి బతుకుతుంది, నా వాదం చస్తుంది. కొట్టకుండా పోయి బండి మళ్లీ గిర్రున తిరిగితే రెండూ చస్తాయి. అందుకని సభలో అడిగినట్టే బావను నిలదీశాను.

"కొన్నప్పుడు ఎట్లుందో అట్లనే ఉన్నదా? ఏమన్న మార్చినవా?"

"ఏం మార్చలె. వెనక జర పట్టీలు ఎక్కించిన."

"ఎందుకు?"

"రాళ్లకు కడుపు రాస్తాందని. మన దిక్కు ఏ బండికైన ఎక్కిస్తరు గద."

పల్లీ బస్తాలు మోసే లారీకి వెనక స్ప్రింగుల్లో అదనంగా ఇనుప పట్టీలు వేయడం మా జిల్లాల అలవాటు. ఇద్దరు మనుషులను మోసే బండికి కూడా అదే మర్యాద చేశారు! వెనక భాగం బిగుసుకుపోయి, మలుపులో ముందు చక్రాలు నేలను పట్టుకుంటే వెనకవి పట్టు విడుస్తున్నాయి. పైగా తోక కదలగానే బావ భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తేస్తాడు. బరువు ముందుకు పడి వెనక మరింత తేలిపోతుంది.

ఇదీ ఊహే, పరీక్షకు నిలవాలి. పల్లీ పీకిన చెలకలో సున్నంతో పెద్ద గుండ్రం గీశాం. బావ అన్నీ ఒకేసారి విప్పబోతే నేను ఒప్పుకోలేదు. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మందు మింగి, మొక్కు మొక్కి, మొక్కే నయం చేసిందనేవాళ్లకూ మనకూ తేడా ఏముంది?

మొదట, బావ ఎక్కించిన పట్టీలన్నీ తీసేశాం. తోక బుద్ధిగా వచ్చింది గాని, మట్టిగడ్డలు తగిలి పొగగొట్టం ఊడిపడింది. ఇంజను గర్జిస్తుంటే బావ ఆ గొట్టం చంకలో పెట్టుకుని, "నీ హేతువాదం ఒర్రుతాంది, ఇను" అన్నాడు. గొట్టం బిగించి, రెండు పక్కలా ఒక్కో పట్టీ తిరిగి వేశాం. తోక ఒక పక్కకే కొంచెం కదిలింది. ఆ పక్క కుదుపులు ఆపే షాకబ్జరు విప్పితే నూనె చుక్క లేదు. నింపాం. రాయిలా ఉన్న వెనక టైర్లలో గాలి కాస్త వదిలాం. అన్నిటికన్నా కష్టమైంది బావ కాలు. అది లేచినప్పుడల్లా పక్క సీట్లోంచి మోకాలి మీద చరిచాను.

చివరికి బండి సున్నం గీత పట్టుకుని సాగింది. స్టీరింగు కొంచెం తిప్పితే కొంచెం, ఎక్కువ తిప్పితే ఎక్కువ. అడిగినదానికి అడిగినంత జవాబు. అంత నిజాయితీ గల ప్రత్యర్థి నాకు ఏ సభలోనూ దొరకలేదు. ఎర్రదుమ్ములో మునిగి ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

ఆదివారం నేను ముందే పోయి మలుపు దగ్గర నిలబడ్డాను. గొర్లకాడి ఇద్దరూ వచ్చారు.

"ఇయ్యాల గూడ తిరుగుతదా సారూ?"

"తిరగదు."

"తిరిగితె సూసేతందుకు మంచిగుంటుండె" అన్నాడొకడు, ఏ పగా లేకుండా.

బండి కనబడింది. అక్క ఒడిలో కొబ్బరికాయ. నా ప్రాణం ఉసూరుమంది. కాని బండి ఆగలేదు. మలుపులోకి దిగి, కాస్త ఒరిగి, తోక మూతి వెంటే నడిచి, గద్దె దాటిపోయి అవతల నిలబడింది. నేను పరుగెత్తాను.

"మరి కాయ ఎందుకు తెచ్చినవక్కా?"

"గెలిస్తె తినొద్దా? బెల్లం గూడ తెచ్చిన."

మైలురాయి మీద కొట్టి గొర్లకాడివాళ్లకూ పంచింది. "తల్లి సల్లగ సూసింది" అన్నాడొకడు. నేను ఉపన్యాసానికి నోరు తెరిచాను. అక్క అందులో ఒక ముక్క పెట్టి, "ముందు నములు" అంది. తర్వాత ఆ వారంలో మొదటిసారి బావ వైపు తిరిగింది.

"ఇంకోపాలి పోదాం పా. ఈసారి జర జోరుగ."