నడి గోదావరిలో రెండో షిఫ్టు

నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా నా చివరి పోస్టింగు మంచిర్యాల దిక్కు, గోదావరి ఒడ్డున. యాభై దాటగానే నడుము నొప్పి పేరు చెప్పి స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. అసలు కారణం ఇది. దసరా వెళ్లిన తర్వాతి ఆదివారం, నా సెలవు మింగేసి మరీ నన్ను కయాక్ ఎక్కించారు. సర్కారు దాన్ని పడవ అంటుంది. నాకైతే ఇద్దరిని ఇరికించిన పొడుగాటి సొరకాయలా కనిపించింది.

కయాక్ నడిపేవాళ్లు పడవ ఎక్కడ దించాలి, ఎక్కడ ఒడ్డెక్కాలి, మధ్యలో ఏమేం ప్రమాదాలున్నాయి అని నేను పట్టిక రాసి ఇంజినీరుకు ఇవ్వాలి. వెనక సీట్లో హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షకురాలు శ్రావణి. ముందు సీట్లో నేనూ, నాకంటే ముందు నా పొట్టా. దారి చూపడానికి పోశన్న తన థర్మాకోల్ తెప్ప మీద వస్తున్నాడు. ఆ నీళ్లలో వల వేసి బతికే మనిషి.

"ఈత వస్తదా సారూ?" అని అడిగాడు.

"నౌకరీల చేరేటప్పుడు అడగలే," అన్నాను.

కొంత దూరం పోయాక ఖాళీ నీళ్ల సీసాలు వరుసగా తేలుతూ కనిపించాయి. చెత్త కాబోలు అన్నది శ్రావణి.

"చెత్త గాదు బిడ్డా, నా వలకు కట్టిన సీసలు. గా నడుమకెళ్లి పోతే తెడ్డు, మనిషి అన్నీ చిక్కుతయి."

పట్టికలో మొదటి ప్రమాదం రాసుకున్నాను. వల జోలికి పోకుండా కొంచెం ఎగువకు తిరిగొచ్చి, నడి ఏట్లో ఫంక్షన్ హాలంత బండ మీద సర్వపిండి విప్పాం. అప్పుడు ఎగువ నుంచి సైరన్ మోగింది. శ్రావణి లేచి నిలబడింది.

ఎగువ బ్యారేజీ గేట్లు ఎత్తేది లేదని ముందురోజే కబురు తెలుసుకున్నాను. పైగా బొగ్గు గనుల నస్పూర్ కాలనీలో పుట్టినవాణ్ని, ఉయ్యాలలో ఉన్నప్పుడే సైరన్ విని షిఫ్టు చెప్పినవాణ్ని. "బాయి సైరన్ అమ్మా. రెండో షిఫ్టుది. ఫికర్ చెయ్యకు, తిను," అన్నాను. బొగ్గు గనిని మేం బాయి అంటాం. సర్కారు మనిషి మాట కదా, ఆమె కూచుంది.

మళ్లీ మోగింది. పోశన్న నమలడం ఆపాడు.

"సారూ, ఇయ్యాల ఏం వారం?"

"ఆదివారం. లేకుంటే నేను..." అంటూనే చేతిలో ముక్క కింద పెట్టాను.

"ఐతారం బాయి బంద్ గద సారూ!"

సెలవు పోయిందని పొద్దటి నుంచి నలభైసార్లు ఏడ్చింది నేనే.

నీళ్లు గర్జిస్తూ వస్తాయనుకున్నాను. చప్పుడే లేదు. బండ అంచున పెట్టిన నా టిఫిన్ డబ్బా మెల్లగా లేచి, చెప్పకుండా వెళ్లిపోయింది. ఫంక్షన్ హాలు మంచమైంది, మంచం పీటయింది. పొద్దున నన్ను సార్ అన్న శ్రావణి, పడవెక్కాక అంకుల్ అన్నది. ఇప్పుడు ఏ పిలుపూ లేకుండా "ఎక్కండి" అన్నది.

"సూటిగ పోవద్దు బిడ్డా, ఈడ్చి వలల ఏస్తది! ముక్కు ఎగువకు పెట్టి వాలుగ కొట్టు!" పోశన్న తెప్పను మా పడవ తోకకు కట్టి అరిచాడు. నేను దండం పెట్టుకుంటున్నాను. "సారూ, ఒడ్డెక్కినంక మొక్కుదువు, ముందు తెడ్డెయ్!"

వేశాను. అయినా ప్రవాహం మమ్మల్ని సీసాల దాకా ఈడ్చింది. వల పడవ తోకను పట్టింది, పడవ పక్కకు ఒరిగింది, నీళ్లు నా ఒళ్లోకి వచ్చాయి. పోశన్న కత్తి తీసి తన వల తానే కోశాడు. తుమ్మకొమ్మ పట్టుకుని ఒడ్డెక్కి చూస్తే బండ లేదు.

పైన హఠాత్తుగా వాన పడి గేట్లు ఎత్తాల్సి వచ్చిందట. ఎగువ సిబ్బంది నియమం ప్రకారమే సైరన్ ఇచ్చారు. మొదటి సైరన్‌కూ నీళ్లు బండను తాకడానికీ మధ్య ఇరవై నిమిషాలు దొరికాయి. వాటిని నేను సర్వపిండిలోకి నంజుకు తిన్నాను.

పట్టికలో వల, రాళ్లు, గేట్లు రాసి పోశన్నకు చదివి వినిపించాను. "గిండ్ల నువ్వేడున్నవు సారూ?" అన్నాడు. నాలుగోది చేర్చాను: సైరన్ తెలుసనే స్థానికుడు.

నడి ఏట్లో సైరన్ వినబడితే, అది దేనిదో తేల్చడం ఒడ్డెక్కాక చెయ్యాల్సిన పని.