దయావతి ఎడమ పాదం

నర్సీపట్నంలో దయావతి కుట్టిన జాకెట్టు మళ్లీ సరిచేయాల్సిన పని ఉండదని పేరు. ఆమెకు గర్భసంచి తీసేటప్పుడు వెన్నులో మత్తు సూది వేశారు. సాయంత్రానికి కుడికాలికి స్పర్శ వచ్చింది, ఎడమ పాదానికి రాలేదు. పక్క మంచంలో ఆవిడ "నాకూ అలాగే ఉందమ్మా, అదే పోద్ది" అనడంతో, దయావతి మర్నాటి దాకా నర్సుకు చెప్పనే లేదు. విశాఖలో స్కాన్ చూసిన డాక్టరు, ఆ సూది వల్ల నరం దెబ్బతిందని, ఇలా చాలా అరుదుగా జరుగుతుందని అన్నాడు. స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

ఆపరేషన్ నుంచి కోలుకున్నాక ఆమె మళ్లీ మిషను ముందు కూర్చుంది. పాదం కదులుతోంది గాని తనదిలా లేదు. చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగింది. ఎక్కిస్తే మళ్లీ తెగింది. కాలి వంక చూస్తే కుట్టు వంకరపోతోంది, గుడ్డ వంక చూస్తే కాలు ఎక్కడుందో తెలియడం లేదు.

"మోటారెట్టించీమంటావేటే?" అన్నాడు భర్త తోమా.

"దానికి మాత్రం కాలక్కర్లేదేటండీ? గాల్లో తొక్కమంటారా?"

తోమా తల గోక్కున్నాడు. "పోనీ, ఆ కాలు పక్కనెట్టి కుడికాల్తోనే తొక్కి సూడు."

ఆమె ఎడమ పాదాన్ని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టింది. కుడికాలితో మెల్లగా తొక్కింది. చక్రం ముందుకే తిరిగింది. జానెడు కుట్టు పడింది, దారం తెగలేదు.

"సూసేవా!" అన్నాడు తోమా.

సంతోషించాలో, ఎడమకాలి మీద ఆశ తనే వదిలేసుకున్నందుకు బాధపడాలో దయావతికి అర్థం కాలేదు. కాసేపటికి ఆ పాదాన్ని కూడా తెచ్చి మళ్లీ పెడలు మీదే పెట్టుకుంది.